చెడు ఎక్కడ మొదలైంది? అపోహలు - వాస్తవాలు

మత తత్వశాస్త్రం బోధించేవాళ్లకు తరచూ ఎదురయ్యే మాటలివి.

అపోహ: అన్నీ దేవుడే చేశాడు కాబట్టి చెడునూ ఆయనే చేశాడు.

వాస్తవం: ఈ వాదన చెడును ఒక వస్తువు కింద లెక్కేస్తుంది. క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ (354–430) ఒప్పుకోనిది అక్కడే. గుడ్డితనం అనే పదార్థం ఎక్కడా లేదు, కంటికి ఉండాల్సిన చూపు లేదంతే. చెడు కూడా అలాంటి లోపమే అన్నాడు. అంటే చెడు భ్రమ అని కాదు. చూపు పోయినవాడి బాధ నిజమే కదా.

అపోహ: చెడుకు మూలం సాతాను.

వాస్తవం: దీంతో ప్రశ్న ఒక మెట్టు వెనక్కి జరుగుతుందే గానీ తీరదు. సాతాను కూడా మంచి దూతగా పుట్టినవాడే అంటుంది క్రైస్తవ సంప్రదాయం. మరి మంచి సంకల్పం ఎందుకు చెడింది? నన్నడిగితే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. చెడు సంకల్పానికి కారణం వెతకడం చీకటిని చూడాలని, నిశ్శబ్దాన్ని వినాలని ప్రయత్నించడం లాంటిదని అగస్టీన్ తన ‘దేవుని నగరం’ అనే గ్రంథం 12వ భాగంలో రాశాడు. 11వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త ఆన్సెల్మ్ సాతాను పతనం గురించే ఒక సంభాషణ రాసి, సాతాను చెడును కోరుకున్నాడు కాబట్టే కోరుకున్నాడు, అంతకు మించి కారణం లేదని తేల్చాడు. చాలామందికి ఇది దాటవేతలా కనిపిస్తుంది. నాకలా అనిపించదు. వెనక నుంచి నెట్టిన కారణమొకటి ఉంటే తప్పు దానిదే అయ్యేది. అయితే ఏ కారణమూ లేని ఎంపికకు, గుడ్డిగా జరిగిపోయిన దానికి తేడా ఏమిటన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

అపోహ: స్వేచ్ఛా సంకల్పం విషయంలో క్రైస్తవులందరిదీ ఒకే మాట.

వాస్తవం: అస్సలు కాదు. దేవుని కృప తోడు లేకుండానే మనిషి మంచిని ఎంచుకోగలడన్న పెలాగియస్ అనే క్రైస్తవ బోధకుడి మాటను 418లో కార్తేజ్ నగరంలో జరిగిన చర్చి పెద్దల సభ ఖండించింది. 1524లో క్రైస్తవ పండితుడు ఎరాస్మస్ స్వేచ్ఛను సమర్థిస్తూ రాస్తే, మరుసటి ఏడాదే ప్రొటెస్టంట్ ఉద్యమ నాయకుడు లూథర్ మనిషి సంకల్పం బానిసత్వంలో ఉందని ఘాటుగా బదులిచ్చాడు.

అపోహ: మంచి దేవుడుండగా చెడు ఎందుకన్న సమస్యను అమెరికన్ తత్వవేత్త ప్లాంటింగా పూర్తిగా పరిష్కరించేశాడు.

వాస్తవం: సర్వశక్తిమంతుడూ పూర్తిగా మంచివాడూ అయిన దేవుడు, లోకంలో చెడు, ఈ రెండూ కలిసి ఉండలేవని 1955లో తత్వవేత్త మాకీ వాదించాడు. స్వేచ్ఛను లెక్కలోకి తీసుకుంటే ఉండే వీలుందని ప్లాంటింగా చూపించాడు, అంతవరకే. దేవుడు చెడును ఎందుకు అనుమతించాడో తనకు తెలుసని ఆయన అనలేదు. 1979లో మరో తత్వవేత్త విలియం రో అడవి మంటల్లో కాలి, రోజుల తరబడి బాధపడి చచ్చిపోయే జింకపిల్లను ఉదాహరణగా తెచ్చాడు. అక్కడ ఎవరి తప్పుడు ఎంపికా లేదు. ప్రకృతి వల్ల కలిగే కీడు వెనక పతనమైన దూతల స్వేచ్ఛ ఉండవచ్చని ప్లాంటింగా అంతకుముందే సూచించాడు. తర్కానికి అది అడ్డు కాదు గానీ, ఆ మాటతో ఒప్పుకున్న విద్యార్థి నాకింకా తగల్లేదు.