ఓక్ చిగురుతో పందెం

1913 ఫిబ్రవరిలో లండన్ టైమ్స్ పత్రికకి ఒక ఉత్తరం వచ్చింది. తోటలో పని చేసుకుంటుంటే కుక్కూ పక్షి కూత విన్నానని, అందులో అనుమానమే లేదని దాని సారాంశం. రాసింది రిచర్డ్ లైడెక్కర్. ఆషామాషీ మనిషి కాదు. మన దేశంలో జియలాజికల్ సర్వేలో పనిచేసి, 1877లో టైటనోసారస్ ఇండికస్ అనే డైనోసార్‌కి పేరు పెట్టినవాడు. కుక్కూలు ఆఫ్రికా నుంచి ఇంగ్లండ్ చేరేది మామూలుగా ఏప్రిల్‌లో. ఈయనకి ఫిబ్రవరిలోనే వినబడింది! కొద్ది రోజులకే ఇంకో ఉత్తరం రాశాడు: పొరపాటైంది, పక్కన కడుతున్న ఇంటి దగ్గర తాపీమేస్త్రి కూలీ ఒకడు ఆ కూత కూశాడట.

నాకు ఆయన మీద నవ్వు రాదు. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కి వచ్చిన మొదటి ఏడాది నేనూ అదే చేశాను. కాలువ గట్టున 'కుక్కూ' వినబడగానే డైరీలో తేదీ వేసి, నెల్లూరుకి ఫోన్ చేసి అమ్మకి కూడా చెప్పాను. తీరా చూస్తే పొగగొట్టం మీద కూర్చున్న గువ్వ. మెడ మీద నల్లగీతతో మన పొలాల్లో తిరిగేదే. బ్రిటన్‌లో అది మొదటిసారి గూడు పెట్టింది 1955లో. "కోకిల కూత వినడానికి అంతదూరం పోవాలా నాయనా?" అంది అమ్మ. ఇక్కడి కుక్కూ మన కోకిలకి చుట్టమే కానీ కోకిల కాదు. ఇదీ పరాయి గూట్లోనే గుడ్డు పెడుతుంది, కాకపోతే కాకి గూట్లో కాదు, తనకన్నా ఎంతో చిన్న పక్షుల గూళ్లలో.

అప్పట్నుంచి చెవికి కాస్త శిక్షణ ఇచ్చాను. మార్చి రెండో సగంలో ఆకులింకా రాని కొమ్మల్లోంచి 'చిఫ్ చాఫ్' అని రెండే స్వరాలు తిప్పి తిప్పి పాడే చిన్న పక్షిని మాత్రం పొరబడలేం. పేరు కూడా చిఫ్‌చాఫే. చూపుకి ఒకేలా ఉండే మూడు పక్షుల్ని ఇది వేరు, అది వేరు అని పాటని బట్టి విడదీసింది హాంప్‌షైర్‌లోని సెల్బోర్న్ గ్రామంలో ఉండిన ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్, 18వ శతాబ్దంలో.

ఆయనతో చివరి రోజుల్లో ఉత్తరాలు నడిపిన రాబర్ట్ మార్షమ్ ఇంకా పట్టుదల మనిషి. నార్ఫోక్‌లోని తన ఎస్టేట్‌లో 1736లో మొదలుపెట్టి ఏటా తేదీలు రాశాడు: మంచుపువ్వు (స్నోడ్రాప్) ఎప్పుడు విచ్చింది, కప్ప ఎప్పుడు బెకబెకమంది, ఓక్ ఎప్పుడు చిగురించింది. ఆయన పోయాక వారసులు కొనసాగించారు, 1958 దాకా. రెండు శతాబ్దాల పైచిలుకు! వసంతంలో ఒక డిగ్రీ వేడి పెరిగితే ఓక్ చిగురు దాదాపు వారం ముందుకు జరుగుతుందని ఇలాంటి పాత డైరీల నుంచే లెక్క తేలింది.

తేదీలు రాస్తూపోతే ఒక సంగతి బోధపడుతుంది. రుతువుకి గడియారం ఒక్కటి కాదు. మన ఆరుద్ర కార్తె సూర్యుణ్ణి బట్టి జూన్ 22 ప్రాంతంలో వచ్చేస్తుంది. ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగు మాత్రం వాన పడి నేల తడిస్తేనే పైకొస్తుంది. వాన ఆలస్యమైన ఏడు కార్తె ఉంటుంది, పురుగు ఉండదు. ఇక్కడి అడవిలోనూ కొన్ని ప్రాణులు పగటి పొడవు చూసుకుంటాయి, కొన్ని వేడిని, చాలామటుకు రెండింటినీ.

ఓక్ చెట్టు మీద ఇది ప్రాణాల మీదికొచ్చే వ్యవహారం. వింటర్ మాత్ అనే రెక్కల పురుగు గుడ్లు మొగ్గ విచ్చుకునే రోజుల్లోనే పగలాలి. ముందు పగిలితే పిల్లపురుగుకి తిండి లేదు. ఆలస్యమైతే ఆకు ముదిరి వగరెక్కుతుంది. ఇవి పచ్చగా, సన్నగా ఉండి, ఆముదం చేలో దాసరి పురుగు నడిచినట్టే నడుము విల్లులా ఎత్తి నడుస్తాయి. బాగా పట్టిన ఏడు, గాలి లేని మే నెల మధ్యాహ్నం చెట్టు కింద నిలబడితే చినుకుల చప్పుడు వినిపిస్తుంది. ఆకాశం చూస్తే మబ్బు లేదు. టోపీ తీసి చూస్తే ఆవాల్లా నల్లటి పెంటికలు! పైన వేల పురుగులు మేస్తున్నాయన్నమాట.

ఆ పురుగుల కోసమే గ్రేట్ టిట్ అనే పక్షి పిల్లల్ని పెడుతుంది. ఆక్స్‌ఫర్డ్ పక్కనే ఉన్న వైథమ్ అడవిలో దీన్ని 1947 నుంచి గమనిస్తున్నారు, వెయ్యికి పైగా చెక్క గూళ్లు పెట్టి. లెక్క చూడండి: రోజుకో గుడ్డు చొప్పున ఎనిమిదో తొమ్మిదో గుడ్లు, పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలకి ఆకలి పతాకస్థాయికి చేరేసరికి ఇంకో పది రోజులు. అంటే పురుగులు పుష్కలంగా ఉండే రోజుకి దాదాపు నెల ముందే, ఓక్ ఇంకా మోడుగా ఉన్నప్పుడే తల్లి మొదటి గుడ్డు పెట్టాలి. పందెమే కదా! అయినా ఈ పక్షి బాగానే నెట్టుకొస్తోంది. 1960లతో పోలిస్తే వైథమ్‌లో ఇప్పుడు రెండు వారాలకు పైగా ముందే గుడ్లు పెడుతోంది.

ఊళ్లోనే ఉండే పక్షి కాబట్టి సరిపోయింది. వేల్స్ ఓక్ అడవులకి వేసవిలో వచ్చే పైడ్ ఫ్లైక్యాచర్ చలికాలమంతా పశ్చిమ ఆఫ్రికాలో ఉంటుంది. ఇక్కడ చిగురు తొందరపడిందని దానికి కబురు చెప్పేదెవరు? నెదర్లాండ్స్‌లో పురుగుల కాలం బాగా ముందుకు జరిగిన అడవుల్లో దీని సంఖ్య దారుణంగా పడిపోయింది. కుక్కూ సంగతి చూస్తే, 2011 నుంచి శాటిలైట్ ట్యాగులు కట్టి వెంబడిస్తే చలికాలం కాంగో అడవుల్లో గడుపుతుందని తేలింది. జూన్‌లోనే చాలావరకు తిరుగుముఖం పడతాయి. ఇంగ్లిష్ వాళ్లు మా పక్షి అంటారు కానీ, ఇక్కడ ఉండేది రెండు నెలలో ఎంతో!

శరదృతువు గురించి చెప్పాలంటే రాబిన్ ఒక్కటి చాలు. మిగతా పక్షులు నోరు మూసుకున్నాక కూడా పాడుతుంది, ఆడదీ మగదీ రెండూ. చలికాలంలో ఎవరి జాగా వాళ్లదే, ఆ హద్దు తగాదాలన్నీ మనకి పాటలా వినిపిస్తాయి.

ఆకులు రాలి, చూడ్డానికేం లేదనుకునే రోజుల్లో నేను టార్చి పట్టుకుని ఓక్ దగ్గరికి వెళ్తాను. వింటర్ మాత్ రెక్కల పురుగుగా నేలలోంచి పైకొచ్చేది అప్పుడే. మగదానికి లేత గోధుమరంగు రెక్కలుంటాయి. ఆడదానికి రెక్కల స్థానంలో రెండు జతల తుంపులే. ఎగరలేదు. నేల నుంచి చెట్టు చివరికి నడిచే ఎక్కి, మొగ్గల దగ్గర గుడ్లు పెట్టాలి. పోయినేడు ఒకదాని వెంట చాలాసేపు లైటు వేసి నిలబడ్డాను. బెరడు పగుళ్లలో దిగుతూ, ఎక్కుతూ నా తల దాటి పైకి పోయింది. డైరీలో ఇలా ఉంది: నవంబర్ 29, సాయంత్రం 7, ఉష్ణోగ్రత 6 డిగ్రీలు. ఆడవి 2, మగవి 5. ఓక్ మొగ్గలు గట్టిగానే ఉన్నాయి.