హో-ఓ ఫీనిక్సా, గరుత్మంతుడా?

తిరుపతిలో పిల్లలకు గేమ్ క్యారెక్టర్ల డ్రాయింగ్ నేర్పుతాను. మహిమ గల పక్షిని గీయమంటే చాలామంది ముందు మంట గీసి, అందులోంచి రెక్కలు లేపుతారు. ఎందుకంటే, పోకెమాన్‌లో హో-ఓ అలాంటిదే కదా సార్ అంటారు. పోకెమాన్ అంటే వింత ప్రాణులతో ఆడే జపాన్ వీడియో గేము, 1999లో దాని గోల్డ్, సిల్వర్ గేముల్లో వచ్చిన పక్షి అది. నాకు చాలా ఇష్టం, అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: హో-ఓ అంటే ఫీనిక్స్, అంటే కాలి బూడిదై ఆ బూడిదలోంచే మళ్లీ పుట్టే పడమటి కథల పక్షి.

వాస్తవం: జవాబు పేరులోనే ఉంది. జపాన్‌లో హోఓ అంటే చైనా వాళ్ల ఫెంగ్‌హువాంగ్. ఇంగ్లిషులో దానికి కూడా ఫీనిక్స్ అనే పేరు తగిలించేసరికి రెండూ కలిసిపోయాయి. ఇది కాలి బూడిదయ్యే పక్షి కాదు, ధర్మంగా ఏలే రాజు ఉన్నచోట కనబడే శుభశకునం. కోడి తల, పాము మెడ, తాబేలు వీపు, చేప తోక, ఒంటినిండా ఐదు రంగులు అని చైనా పాత వర్ణన. జపాన్‌లోని ఉజి ఊళ్లో 1053లో కట్టిన బ్యోదో-ఇన్ మందిరం కప్పు మీద రెండు కంచు హోఓలు ఉంటాయి. ఫొటో పెద్దది చేసి చూడండి: మెడ చాచి, రెక్కలు విప్పి, ఇప్పుడే వాలినట్టు నిలబడి ఉంటాయి. మంట జాడే లేదు. గేములో హో-ఓ వాలేది కూడా గోపురం కొసనే, అదీ క్యోటోను చూసి తీర్చిన ఊళ్లో. నేను గీయమనేది ఆ నిలబడే తీరునే.

అపోహ: అయితే బూడిదతో దానికి సంబంధమే లేదు.

వాస్తవం: ఉంది. గేము కథలో ఒక గోపురం కాలిపోయి మూడు ప్రాణులు చనిపోతే హో-ఓ వాటిని బతికిస్తుంది. దాని దగ్గర దొరికే సేక్రెడ్ యాష్, అంటే పవిత్రమైన బూడిద, సొమ్మసిల్లిన పోకెమాన్లన్నిటినీ లేపుతుంది. ఇక్కడ పడమటి ఫీనిక్స్ నీడ పడిందనే నేననుకుంటాను. కాకపోతే ఫీనిక్స్ తాను బతుకుతుంది, ఇది పక్కవాళ్లను బతికిస్తుంది. ఆ ఫీనిక్స్‌కైనా మంట మొదటినుంచీ లేదు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథలో అది 500 ఏళ్లకోసారి తండ్రి శవాన్ని సాంబ్రాణి లాంటి జిగురు ముద్దలో పెట్టి ఈజిప్టు సూర్యదేవాలయానికి మోసుకొస్తుంది, అంతే.

అపోహ: మన గరుత్మంతుణ్నే కాపీ కొట్టారు.

వాస్తవం: ఇది మా ఊళ్లో ఎక్కువ. అమృతం తెచ్చినవాడు ఆయన, చచ్చినవాళ్లను లేపేది ఇది, కాబట్టి రెండూ ఒకటే అంటారు. బ్రహ్మోత్సవాల ఐదో రోజు రాత్రి గరుడసేవలో వాహనాన్ని నిదానంగా చూడండి. మనిషి ఒళ్లు, స్వామి పాదాలకు పట్టిన చేతులు, వెనక రెక్కలు. హో-ఓలో మనిషి పోలికే లేదు. గరుత్మంతుడు జపాన్ వెళ్లిన మాట నిజం, బౌద్ధంతో పాటు వెళ్లాడు. అక్కడ ఆయన పేరు కరుర. నారా ఊళ్లోని కోఫుకు-జి బౌద్ధ మందిరంలో 734 నాటి విగ్రహం ఉంది: కవచం తొడిగిన సైనికుడి ఒంటి మీద, ముక్కున్న పక్షి తల.