రోకలి కింద ఉన్ని, రోకలి కింద నార

ఐర్లండ్‌లో నేసేవారు, వడికేవారు, రంగులద్దేవారు కలిసి నడుపుకునే సంఘం ఒకటి 1975 నుంచి ఉంది. ఉన్నిని నేయకుండానే తడిపి, నొక్కి దట్టమైన బట్టగా మార్చే ‘ఫెల్ట్’ పని చేసేవారికి ‘ఫెల్ట్‌మేకర్స్ ఐర్లండ్’ అనే వేరే సంఘం ఉంది. ఇటువంటి సంఘాల సభ్యులలో జీవనోపాధి కోసం చేసేవారికంటే ఇష్టంతో చేసేవారే ఎక్కువ. వారి పనులు ఊరి గ్రంథాలయాలలోను, చిన్న పట్టణాల కళాకేంద్రాలలోను ప్రదర్శనకు వస్తాయి. అక్కడ ఒకే గోడ మీద మగ్గం మీద నేసిన ట్వీడ్ అనే మందపాటి ఉన్ని బట్ట, దాని పక్కనే పడుగూ పేకా రెండూ లేని ఫెల్ట్ దృశ్యం, ఆపైన లినెన్ అనే అవిసె నార బట్ట మీద ఉన్ని దారంతో కుట్టిన బొమ్మ కనిపించవచ్చు. చూడవచ్చినవారు సాధారణంగా రంగులనూ బొమ్మలనూ మెచ్చుకుని ముందుకు సాగిపోతారు. ఆ గోడను పీచు వైపు నుంచి చదివితే ఇంకా ఎక్కువ తెలుస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే ఐర్లండ్ వస్త్రచరిత్రలో ఏది నిలిచింది, ఏది నశించింది, ఏది కొత్తగా పుట్టింది అన్న ప్రశ్నలకు చాలావరకు సమాధానం రెండు పీచుల స్వభావంలోనే ఉంది. ఒకటి గొర్రె ఉన్ని, రెండోది అవిసె నార.

ఉన్ని మన జుట్టులాగే కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారైనది. సూక్ష్మదర్శినిలో చూస్తే ప్రతి పోగు మీదా పెంకుల్లా ఒకదానిపై ఒకటి పరచుకున్న పొలుసులు కనిపిస్తాయి. అవన్నీ మొదలు నుంచి కొస వైపే తిరిగి ఉంటాయి. అందువల్ల పోగును మొదలు నుంచి కొసకు నిమిరితే నున్నగా జారుతుంది, కొస నుంచి మొదలుకు నిమిరితే గరుకుగా అడ్డుపడుతుంది. ఈ చిన్న తేడాయే ఫెల్ట్‌కు మూలం. తడిసిన ఉన్నిని నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కుతూ ఉంటే ప్రతి పోగూ సులువుగా జారే దిక్కుకే, అంటే తన మొదలు ఉన్న వైపుకే కొద్దికొద్దిగా కదులుతుంది. ముళ్ళ గడ్డి వెన్నును చొక్కా చేతిలో దూర్చుకుంటే చెయ్యి కదిపినప్పుడల్లా అది పైకే పాకుతుంది తప్ప కిందికి రాదు. పోగు నడక కూడా అలాంటిదే. లక్షల పోగులు ఒకేసారి తలో దిక్కుకూ ఇలా పాకి, ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడిపోయాక వాటిని తిరిగి విడదీయడం సాధ్యం కాదు.

పొలుసులు వేడినీటికి తెరుచుకుని కొక్కేల్లా ఒకదానిలో ఒకటి తగులుకుంటాయని తరచుగా చెబుతుంటారు. ఈ వివరణ వినడానికి బాగుంటుంది గాని అసలు పని చేసేది కొక్కేలు కావు, ఒక దిక్కుకే దారి ఇచ్చే ఆ ఘర్షణ. వేడినీరు ప్రోటీన్ గొలుసుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలను సడలించి పోగును మెత్తబరుస్తుంది, సబ్బు దాని కదలికను సులభం చేస్తుంది. యంత్రంలో ఉతకడానికి వీలుగా తయారుచేసే ఉన్ని దారాన్ని సాధారణంగా క్లోరిన్‌తో శుద్ధి చేసి, పొలుసుల మీద ప్లాస్టిక్ వంటి పలుచని పాలిమర్ పూత పూస్తారు. అటువంటి ఉన్నిని ఎంతసేపు రుద్దినా ఫెల్ట్ కాదు. ఫెల్ట్ చేసేవారు దుకాణంలో ముందుగా అడిగి తెలుసుకునేది ఈ సంగతే.

ఫెల్టింగ్ ఐర్లండ్‌లో ప్రత్యేకమైన కళగా వేళ్ళూనినది ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాలలో మాత్రమే. ఫెల్ట్‌కు అసలు పుట్టినిల్లు మధ్య ఆసియా గడ్డిభూములు. అయితే అదే భౌతికసూత్రం ఐర్లండ్ నేతలో శతాబ్దాలుగా మరుగున పనిచేస్తూ వచ్చింది. మగ్గం మీద నుంచి దిగిన ఉన్ని బట్ట వదులుగా, జల్లెడలా ఉండేది. దాన్ని ‘టక్ మిల్’ అనే నీటిమిల్లుకు తీసుకుపోయేవారు. అక్కడ నీటిచక్రం తిప్పే ఇరుసుకు అమర్చిన పలకలు బరువైన కొయ్య రోకళ్ళను ఒకదాని తరువాత ఒకటి ఎత్తి, తొట్టిలోని తడిబట్ట మీద పడవేసేవి. ఉన్నిలోని జిడ్డు వదలడానికి ఒక రకమైన బంకమట్టినో, నిలవ ఉంచిన మూత్రాన్నో వాడేవారు. నిలవ మూత్రంలో పుట్టే అమోనియా సబ్బు చేసే పనినే చేస్తుంది. గంటల తరబడి దెబ్బలు తిన్నాక బట్ట బాగా కుదించుకుని, నేత గీతలు కనపడనంతగా మందమెక్కి, గాలినీ వాననీ ఆపగలిగేది. తరువాత దాన్ని కొక్కేలున్న చట్రాలకు బిగించి లాగి ఆరబెట్టేవారు. విక్లో జిల్లాలో టక్‌మిల్ అన్న ఊరిపేరు నేటికీ ఉంది. నేతను, ఫెల్ట్‌ను రెండు వేర్వేరు సంప్రదాయాలుగా విడదీసి చూపే ప్రదర్శనలు నాకు అసంపూర్ణంగా కనిపించడానికి కారణం ఈ మిల్లే.

ఉత్తరాన అల్‌స్టర్ ప్రాంతంలో ఇదే రోకలి లినెన్ బట్ట మీద కూడా పడేది, ఫలితం మాత్రం పూర్తిగా తలకిందులు. అవిసె నార సెల్యులోజ్ అనే మొక్కల పదార్థంతో తయారైనది. దానికి పొలుసులు లేవు, కనుక దెబ్బ తిన్నా పోగులు పాకవు. వాటి గుండ్రదనం పోయి బల్లపరుపుగా అణుగుతాయి, నేతలోని సందులు మూసుకుంటాయి, ఉపరితలం వెలుగును ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది కాబట్టి బట్టకు మెరుపు వస్తుంది. ‘బీట్లింగ్’ అనే ఈ పని కోసం నడిచిన వెల్‌బ్రుక్ మిల్లును కుక్స్‌టౌన్ దగ్గర నేషనల్ ట్రస్ట్ కాపాడుతోంది. ఒకే యంత్రసూత్రం ఒక పీచును గొంగళిలా మందం చేసి, ఇంకొక పీచును అద్దంలా నునుపు చేయడం కంటే పదార్థశాస్త్రానికి మంచి పాఠం వెతికినా దొరకదు.

లినెన్ అంతగా పెరగడానికి రసాయనశాస్త్రం ఒక్కటే కారణం కాదు. తమ ఉన్ని వ్యాపారానికి పోటీ వస్తుందని భయపడిన ఇంగ్లండ్ పార్లమెంటు 1699లో చేసిన చట్టం ప్రకారం ఐర్లండ్ ఉన్ని బట్టలు ఇంగ్లండ్‌కు తప్ప మరే దేశానికీ ఎగుమతి కాకూడదు. ఇంగ్లండ్‌లోనేమో వాటి మీద సుంకం మోయలేనంత. దానికి బదులుగా లినెన్‌ను ప్రోత్సహించారు. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్ నేతపని నిపుణులు లిస్‌బర్న్ ప్రాంతంలో స్థిరపడ్డారు, 1711లో లినెన్ బోర్డు ఏర్పడింది. ఇళ్ళలో సొంత వాడకానికి ఉన్ని నేత సాగుతూనే ఉన్నా, దేశాంతరాలలో ఐర్లండ్‌కు పేరు తెచ్చినది మాత్రం లినెన్ అయింది.

ఈ రెండు పీచులకూ ఆమ్లాలతో, క్షారాలతో ఉన్న సంబంధం కూడా ఎదురెదురుగానే ఉంటుంది. లినెన్‌ను తెల్లబరచడానికి బూడిద క్షారంలో ఉడకబెట్టి, పచ్చికమీద ఎండలో పరిచి, ఆపైన పులిసిన మజ్జిగలో నానబెట్టేవారు. ఆ క్షారంలో ఉన్నిని ఉడకబెడితే కరిగిపోతుంది. సగం కుళ్ళిన మొక్కల పొరలు (పీట్) పేరుకున్న ఐర్లండ్ చిత్తడినేలలలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. ఆమ్లగుణమున్న, ఆక్సిజన్ అందని ఆ నేలలో ఉన్ని వేల ఏళ్ళు నిలుస్తుంది, సెల్యులోజ్ గొలుసులు మాత్రం తెగిపోయి నార మాయమవుతుంది. 1904లో ఆంట్రిమ్ జిల్లా ఆర్మొయ్ దగ్గర పీట్‌నేలలో కంచుయుగం చివరినాటి కంచు పనిముట్లతో పాటు ఉన్ని బట్ట, గుర్రపు వెంట్రుకలతో అల్లిన కుచ్చుల ఆభరణం దొరికాయి. వెంట్రుకా ఉన్నీ రెండూ కెరాటినే కదా. 1824లో స్లైగో జిల్లా కిల్లరీలో బయటపడిన దుస్తులు కూడా ఉన్నివే. మధ్యయుగపు ఐరిష్ ప్రజలు ఉన్ని దుప్పటి కింద పొడవాటి లినెన్ అంగీ తొడిగేవారని రాతలూ బొమ్మలూ చెబుతున్నాయి, కాని ఆ అంగీని నేల మనకు మిగల్చలేదు. అందువల్ల ప్రాచీన ఐర్లండ్ అంతా ఉన్నిమయమన్న భావన కొంతవరకు ఆ నేల కలిగించిన భ్రమ.

పంతొమ్మిదో శతాబ్దం చివరిలో పశ్చిమ తీరపు పేదరికాన్ని తగ్గించే ప్రయత్నంగా ఉన్ని నేతకు మళ్ళీ ఊపు వచ్చింది. 1891లో ఏర్పడిన ప్రభుత్వ బోర్డు డొనెగాల్ నేతగాళ్ళకు మెరుగైన మగ్గాలు ఇప్పించి, బట్టను తనిఖీ చేసి ముద్ర వేసే పద్ధతి పెట్టింది. మేయో జిల్లా ఫాక్స్‌ఫర్డ్‌లో 1892లో ఆగ్నెస్ మొరో-బెర్నార్డ్ అనే క్రైస్తవ సన్యాసిని మోయ్ నది ఒడ్డున ఉన్ని మిల్లు ప్రారంభించారు. డొనెగాల్ ట్వీడ్‌ను గుర్తుపట్టించే రంగు చుక్కలు నేతలో పుట్టవు, ఏకేటప్పుడు పుడతాయి. రంగువేసిన ఉన్ని చిన్న ఉండలను ఏకడం చివరి దశలో కలిపితే అవి పూర్తిగా విడిపోకుండా దారంలోకి చేరుకుంటాయి. ఒకప్పుడు ఆ రంగులలో కొన్ని కొండరాళ్ళ మీద నాచులా పొరగా పెరిగే లైకెన్‌ను గీరి తెచ్చినవి. లైకెన్‌లోని ఆమ్లాలు ఉన్ని ప్రోటీన్‌తో నేరుగా బంధం ఏర్పరచుకోవడం వల్ల పటిక వంటి రంగుకట్టు పదార్థం లేకుండానే ఎర్రగోధుమ రంగు పట్టేది.

సామూహిక కళకు నేను ముందుగా చెప్పదగిన ఉదాహరణ వెక్స్‌ఫర్డ్ జిల్లా న్యూ రాస్ పట్టణంలో మొదలైన రాస్ టాపెస్ట్రీ. నార్మన్లు ఐర్లండ్‌కు వచ్చిన కథను చెప్పే ఈ 15 పెద్ద పటాల పని 1998లో మొదలైంది. ఆన్ గ్రిఫిన్ బెర్న్‌స్టార్ఫ్ వేసిన చిత్రాలను అనుసరించి 150 మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ళ తరబడి కుట్టారు. టాపెస్ట్రీ అంటే మగ్గం మీద నేసిన బొమ్మల బట్ట, పేరు అదే అయినా ఇది నేత కాదు, లినెన్ మీద ఉన్ని దారపు కుట్టు. ఇక్కడ రెండు పీచులూ తమకు తగిన పనే చేస్తున్నాయి. సాగని, బలమైన లినెన్ బరువు మోస్తుంది, రంగును లోతుగా పట్టుకునే ఉన్ని బొమ్మను నింపుతుంది.

ఇటీవలి ఫెల్ట్ పనులలో ఉన్ని పలుచని పట్టుబట్ట సందులలోంచి పాకి అవతలికి చేరి, రుద్దేకొద్దీ కుదించుకుంటూ పట్టును ముడతలు పెట్టే పద్ధతి తరచుగా కనిపిస్తుంది. 1990లలో ఆస్ట్రేలియాలో రూపొందిన ఈ పద్ధతిని ఐరిష్ వారసత్వమనడం సరికాదు, అయినా ఐరిష్ చేతులలో అది బాగా ఒదిగింది. అలాగే ఈనాటి డొనెగాల్ ట్వీడ్‌లో చాలాభాగం దక్షిణార్ధగోళం నుంచి దిగుమతైన సన్నని ఉన్నితో తయారవుతోంది. స్థానిక కొండగొర్రెల ఉన్ని ముతకది. గత కొన్నేళ్ళలో కిలోకు 20 యూరో సెంట్లు కూడా రాని కాలం నడిచింది, బొచ్చు కత్తిరించే కూలికే గొర్రెకు రెండు యూరోలకు పైగా అయ్యేది. ముతక పోగు చర్మాన్ని గుచ్చుతుంది కనుక చొక్కాకు పనికిరాదు, గోడకు వేలాడే ఫెల్ట్‌కు ఆ అభ్యంతరం లేదు. స్థానిక ఉన్నిని ప్రత్యేకంగా వెతికి వాడే సభ్యులు ఈ సంఘాలలో ఉండడం నాకు నచ్చిన విషయం.

గోడకు చేరాక పీచుకు మరికొన్ని శత్రువులు ఎదురవుతాయి. అతినీలలోహిత కిరణాలు ఉన్నిని పసుపుబార్చి పెళుసుబారుస్తాయి, అందుకే పాత వస్త్రాలను చూపే మ్యూజియంలు వెలుగును సుమారు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) తగ్గిస్తాయి. గ్రంథాలయ కిటికీ పక్కన వేలాడే పనికి ఆ రక్షణ దొరకదు. బట్టల చిమ్మెట పిల్లపురుగు కెరాటిన్‌లోని గంధకపు బంధాలను తెంచి జీర్ణం చేసుకోగల కొద్ది జీవులలో ఒకటి. లినెన్ జోలికి సాధారణంగా పోదు. కాబట్టి అనేకమంది ఇళ్ళ నుంచి వచ్చే ఉన్ని పనులను ఒకేచోట వేలాడదీసే ముందు వాటిని ప్లాస్టిక్ సంచులలో మూసి, ఇంటి ఫ్రీజర్‌లో సున్నాకు 18 డిగ్రీల దిగువన రెండు వారాలు ఉంచడం మంచిది.