పెట్రోల్ విమానం ఎగరేముందు

చిన్నా, బుజ్జీ,

రెక్కలు బిగించేశాం తాతయ్యా, ఆదివారం ఎగరేద్దాం అని నిన్న ఫోన్లో అన్నారు. మీ సంబరం వింటే నాకూ నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ మీరు రిమోట్‌తో ఎగరేసిన బొమ్మ విమానాలన్నీ బ్యాటరీవి. ఇది 20 సీసీ పెట్రోల్ ఇంజిన్. దీనికి ఇంట్లోనే చూసుకోవాల్సిన పని చాలా ఉంది.

అన్నిటికంటే ముందు బరువు ముందూ వెనకా సమంగా ఉందో సరిచూడండి. మీ రెక్క వెడల్పు, అంటే ముందు అంచు నుంచి వెనక అంచుకి, 40 సెంటీమీటర్లు. ముందు అంచు నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర రెండు వైపులా పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ గీతల కింద చెరో వేలు పెట్టి ఎత్తండి. ముక్కు కాస్త కిందికి వాలితే మంచిదే. తోక వాలితే మాత్రం ఎగరేయొద్దు. ఇది ఖాళీ ట్యాంకుతోనే చూడాలి. ట్యాంకు రెక్కకు ముందు ఉంది కదా, 400 మిల్లీలీటర్ల పెట్రోల్ అంటే దాదాపు 300 గ్రాములు. అది ఖర్చయ్యేకొద్దీ ముక్కు తేలికవుతుంది. నిండు ట్యాంకుతో సరిచూస్తే, దిగే వేళకి తోక బరువై విమానం మాట వినదు. తోక వాలుతోందని వెంటనే సీసం ముక్కలు అంటించకండి, విమానంలోని బ్యాటరీలను ముందుకు జరిపి చూడండి.

తర్వాత ఐలరాన్లు, అంటే రెక్కల చివర్ల దగ్గర వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలు. నా మొదటి పెట్రోల్ విమానం వీటివల్లే పోయింది. వర్క్‌షాప్‌లో విమానానికి ఎదురుగా నిలబడి చూసి, సరిగ్గానే కదులుతున్నాయనుకున్నాను. నిజానికి అవి తలకిందులుగా కదులుతున్నాయి. చక్రాలు లేచాక విమానం ఎడమకి ఒరిగింది, నేను కుడికి తిప్పాను, ఇంకా ఎడమకే పడింది. మూడు నెలల పని మూడు సెకన్లలో ముక్కలైంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కాబట్టి ఎప్పుడూ తోక వెనక నిలబడే చూడండి. రిమోట్ స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలరాన్ పైకి లేవాలి, మీవైపు లాగితే ఎలివేటర్, అంటే తోక మీద కదిలే పలక, పైకి లేవాలి. ఒకరు పైకి చెప్పండి, ఒకరు చూడండి.

లీటర్ పెట్రోల్‌కి 30 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలపాలి. పాత స్కూటర్లకి బంకులో పోసేవారే, అలాంటిదే. పెట్రోల్ పారే గొట్టంగా సిలికాన్ గొట్టం వాడొద్దు, పెట్రోల్‌కి ఉబ్బి మెత్తబడిపోతుంది. ఇంజిన్ అదురుకు స్క్రూలు వదులవుతాయి, లోహానికి బిగించిన ప్రతి స్క్రూకీ థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) చుక్క వేయండి. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని, ఇంజిన్‌కి నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ పెట్టెకి వీలైనంత దూరంగా పెట్టండి.

మైదానం ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ డిజిటల్ స్కైలో గ్రీన్ జోన్‌లోనే, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోటే ఉంది, చూశాను. అక్కడ ముందు రేంజ్ చెక్ చేస్తాం, అంటే సిగ్నల్ దూరానికి అందుతోందో లేదో చూస్తాం. ట్రాన్స్‌మిటర్‌ని, అంటే మీ చేతిలో రిమోట్‌ని, తక్కువ పవర్‌లో పెట్టి, 30 అడుగులు వేసి వెళ్లి అన్నీ కదిలించి చూడాలి. ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఇంకోసారి. ఇగ్నిషన్ నిప్పురవ్వ వల్ల సిగ్నల్ చెదిరితే రెండోసారే తెలుస్తుంది. సిగ్నల్ పోతే థ్రాటిల్, అంటే ఇంజిన్ వేగం, దానంతట అదే తగ్గిపోతోందో లేదో కూడా చూడాలి.

ప్రొపెల్లర్ తిప్పడం నా పని. మీరిద్దరూ వెనకే ఉండాలి, ముందుగానీ పక్కనగానీ కాదు. ఇది వేళ్లు తెగ్గొట్టగలదు, ఇందులో గారాలు లేవు. ఇంజిన్ వేడెక్కాక ముక్కు పైకెత్తి ఫుల్ థ్రాటిల్‌లో పది సెకన్లు ఉంచుతాను. ఇంజిన్ గొంతు నీరసపడితే హై నీడిల్ (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోల్ ఎంత వెళ్లాలో సరిచేసే మర) కొంచెం తెరవాలి. ఆ తేడా మీ చెవితో పట్టుకోండి.

పైకి లేచాక తగినంత ఎత్తుకి వెళ్లి ట్రిమ్ సరిచేద్దాం, అంటే స్టిక్ వదిలేసినా తిన్నగా ఎగిరేలా చూద్దాం. ఐదు నిమిషాలకి టైమర్ పెట్టండి, ట్యాంకులో ఇంకా పెట్రోల్ ఉండగానే దించేద్దాం. గాల్లో ఇంజిన్ ఆగిపోతే కంగారుపడి వెనక్కి తిప్పొద్దు. ముక్కు కాస్త దించి, ఎదురుగా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దించేయాలి.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా వచ్చేయండి, గాలి లేవకముందే. రెండు బ్యాటరీలూ రాత్రే చార్జింగ్ పెట్టండి. ఒక స్పేర్ ప్రొపెల్లర్, రెంచి మర్చిపోవద్దు. ఫ్లాస్కులో టీ నేను తెస్తాను.

మీ తాతయ్య