దేవుడికి అన్నీ తెలిసినప్పుడు ప్రార్థన ఎందుకు?

ప్రియమైన పిల్లలకు, ప్రభువు నామంలో శుభములు.

పోయిన ఆదివారం సండే స్కూల్లో మీలో ఒకరు అడిగారు, "తాతయ్యా, దేవుడికి అన్నీ తెలుసు కదా, మళ్లీ ప్రార్థనలో చెప్పడం ఎందుకు?" అని. ఇంతలో ఆరాధన గంట మోగింది, జవాబు సగంలో ఆగిపోయింది. మిగతాది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మత్తయి 6వ అధ్యాయం తీయండి. మీరు అడగకముందే మీకేం కావాలో మీ తండ్రికి తెలుసు అని యేసు ప్రభువే అన్నాడు. అని ఊరుకోలేదు, వెంటనే "పరలోకమందున్న మా తండ్రీ" అంటూ ప్రార్థన నేర్పాడు. అంటే ప్రార్థన ఆయనకు తెలియనిది తెలియజేయడానికి కాదన్నమాట. మీ మార్కులు స్కూలు నుంచి అమ్మ ఫోన్‌కి ముందే వచ్చేస్తాయి. అయినా మీరు పక్కన కూర్చుని "అమ్మా, లెక్కల్లో పోయిందే" అనేదాకా ఆవిడ ఎదురుచూస్తుంది. చెప్పాక ఇద్దరి మధ్యా దాపరికం ఉండదు.

విస్తారంగా మాట్లాడితేనే దేవుడు వింటాడనుకోవద్దని కూడా అక్కడే ఉంది. అది పెద్దవాళ్లం మేం వినాల్సిన మాట. కూర చల్లారేదాకా భోజనం ముందు ప్రార్థన సాగదీసేది మేమే కదా!

ప్రార్థన అనగానే నాకు హన్నా గుర్తొస్తుంది. మొదటి సమూయేలు గ్రంథం మొదట్లోనే ఉంది ఆమె కథ. పిల్లలు లేరు. సవతి పెనిన్నా ఏటేటా ఎత్తిపొడుస్తుంటే అన్నం మానేసి ఏడ్చేది. భర్త ఎంత ఓదార్చినా ఊరట లేదు. షిలోహులో మందిరం దగ్గర నిలబడి, కొడుకునిస్తే నీకే ఇచ్చేస్తానని మొక్కుకుని ప్రార్థించింది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినపడటం లేదు. యాజకుడు ఏలీ చూసి తాగొచ్చిందనుకున్నాడు, మత్తు ఎప్పుడు దిగుతుందని గద్దించాడు కూడా. తాగలేదయ్యా, నా ప్రాణాన్ని దేవుని ముందు కుమ్మరించుకుంటున్నాను అందామె. అప్పుడాయన దీవించి పంపాడు. ఆ తర్వాతి మాట జాగ్రత్తగా చదవండి. ఆమె వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దిగులు పోయింది. ఆమె అడిగిన బిడ్డ సమూయేలు ఇంకా కడుపున కూడా పడలేదు! పెనిన్నా ఎక్కడికీ పోలేదు. మారింది హన్నా ఒక్కతే.

"హన్నా మొక్కుకుంది కదా, పాసైతే కానుక వేస్తామని మేమంటే తప్పేంటి?" అంటారేమో. ఆమె అడిగి పొందిన బిడ్డనే పాలు మాన్పించాక తెచ్చి దేవునికి ఇచ్చేసింది. మనమేమో ర్యాంకు మన దగ్గరే ఉంచుకుని వంద రూపాయలు వేస్తామంటాం. దాన్ని బేరమంటారు.

అడిగిందల్లా ఇస్తాడని మాత్రం నేను చెప్పను. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, నా దగ్గర నుంచి తొలగించమని, అయినా నీ చిత్తమే జరగాలని మూడుసార్లు ప్రార్థించాడు. గిన్నె తొలగలేదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు గురించి, అంటే తనను వేధించే బాధ గురించి, మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది గాని ముల్లు పోలేదు. అయినా ఇద్దరిలో ఎవరూ దేవునితో మాట్లాడటం మానుకోలేదు. "నన్నెందుకు చెయ్యి విడిచావు" అని యేసు సిలువ మీద అడిగింది కూడా ఆ తండ్రినే.

కొన్నిటికి ఏళ్లు పడుతుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరులో పనిచేసే అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. నెల్లూరు మిషన్‌నే మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడిచిన కాలమది. వాళ్లడిగిన ఆ సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలులో పని మొదలుపెట్టింది 1866లో.

ఇవాళ రాత్రి నిద్రమత్తులో "కాచావు, కాపాడావు" అని అలవాటైన మాటలు వల్లించే బదులు, ఎవరి మీద కోపమొచ్చిందో, దేనికి భయపడ్డారో పేరు పెట్టి చెప్పండి. దేవుని మీదే కోపమొస్తే అదీ చెప్పండి. అందుకు మాటలు దొరక్కపోతే 13వ కీర్తన ఉంది. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలుపెట్టాడు దావీదు. ఆరే వచనాలు. వచ్చే ఆదివారానికి చదువుకుని రండి, చివరి రెండు వచనాల్లో ఆయన గొంతు ఎలా మారిందో మీరే నాకు చెబుదురుగాని.

మీ తాతయ్య