మసాఫర్ యట్టాకి ఇజ్రాయెలీలు ఎందుకు వెళ్తున్నారు?

వెస్ట్ బ్యాంక్ దక్షిణాన కొండల్లో ఉన్న పాలస్తీనా పల్లెల సముదాయం మసాఫర్ యట్టా. దాని మీద తీసిన 'నో అదర్ ల్యాండ్' డాక్యుమెంటరీకి 2025 మార్చిలో ఆస్కార్ వచ్చిందో లేదో, గొడవ మొదలైంది. పాలస్తీనావాళ్ళు, ఇజ్రాయెలీలు కలిసి తీయడమే నేరమైంది. ఇజ్రాయెల్ మంత్రి తిట్టారు, ఇజ్రాయెల్‌ని బహిష్కరించాలనే పాలస్తీనా బాయ్‌కాట్ ఉద్యమం కూడా తప్పుపట్టింది. జులైలో, ఆ సినిమాకి సాయం చేసిన ఉమ్ అల్-ఖైర్ అనే ఊరి ఇంగ్లీష్ టీచర్ కాల్పుల్లో చనిపోయాక, ఈ స్నేహాల వల్ల ఒరిగిందేంటని మళ్ళీ అడుగుతున్నారు.

ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్‌ని ఆక్రమించిన 1967 నుంచి తవ్వుకు రానక్కర్లేదు, 1999 నవంబర్ చాలు. ఇది ఫైరింగ్ జోన్ 918, అంటే సైన్యం శిక్షణకి కాల్పులు జరిపే చోటు అని, అక్కడ గుహల్లో కాపురాలుంటూ గొర్రెలు కాసుకునే దాదాపు 700 మందిని సైన్యం తరిమేసింది. వీళ్ళు శాశ్వత నివాసులు కారని సైన్యం వాదన. కొన్ని నెలలకి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో వెనక్కి వచ్చారు. అయినా 2001లో ఒక సెట్లర్ (ఆక్రమిత నేలమీద కాపురం పెట్టిన ఇజ్రాయెలీ) హత్య జరగ్గానే సైన్యం గుహలు కూల్చి, బావులు పూడ్చింది.

అసలు మలుపు ఇక్కడే. పాలస్తీనావాళ్ళ రెండో తిరుగుబాటు (ఇంతిఫాదా) మొదలైన 2000లోనే యూదులు, అరబ్బులు కలిసి పెట్టుకున్న తాయుష్ అనే బృందం ఈ కొండల దారి పట్టింది. అప్పటిదాకా శాంతి అంటే టెల్ అవీవ్‌లో సభలు. ఇప్పుడు పని వేరు: కాపరి పక్కన నిలబడటం, ఆలివ్‌లు కోయడం, సైనికుడు ఇక్కడ ఉండకూడదనే 'క్లోజ్డ్ మిలిటరీ జోన్' కాగితం తీస్తే హీబ్రూలో వాదించడం, అవసరమైతే అరెస్టవ్వడం. వెల్చేరు నారాయణరావుతో కలిసి తెలుగు పద్యాల్ని అనువదించిన డేవిడ్ షుల్మన్ ఇలా వెళ్ళేవాళ్ళలో ఒకరు. 2016లో ఇజ్రాయెల్ ప్రైజ్ కింద వచ్చిన 75,000 షెకెళ్ళూ తాయుష్‌కే ఇచ్చేశారు. ఇద్దరు ఇజ్రాయెలీ భౌతికశాస్త్రవేత్తలు 2009లో కోమెట్-ఎంఈ అనే సంస్థ పెట్టి, గ్రిడ్ కరెంటు రాని ఈ ఊళ్ళకి సోలార్ ప్యానెళ్ళు, గాలిమరలు బిగించారు. వాటికీ కూల్చివేత నోటీసులొచ్చాయి, అది వేరే కథ.

ఇలాంటి స్నేహం ఆక్రమణని మామూలు విషయంగా చూపిస్తుందని బాయ్‌కాట్ వాళ్ళ అభ్యంతరం. దూరం నుంచి చూస్తే సబబుగానే ఉంటుంది. కానీ సినిమా తీసినవాళ్ళలో బాసెల్ అద్రా ఆ ఊళ్ళ మనిషే, ఎవరితో కలిసి పనిచేయాలో ఆయనకి ఇంకొకరు చెప్పాలా?

స్నేహం కోర్టుని గెలవలేదన్నది మాత్రం నిజం. 2022 మేలో సుప్రీంకోర్టు సైన్యం మాటే నమ్మి, వెయ్యి మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించడానికి దారి తెరిచింది. తీర్పు రాసిన న్యాయమూర్తి ఉండేది కూడా వెస్ట్ బ్యాంక్‌లోని ఒక సెటిల్‌మెంట్‌లోనే. 2025 మేలో ఇక్కడి ఖల్లెత్ అద్-దబా అనే ఊళ్ళో ఇళ్ళు చాలావరకు కూల్చేశారు.