మీటరు పెట్టే ముందు ఎంత రావాలో రాసుకోండి

పోయిన వేసవి సెలవుల్లో మా మేనల్లుడితో కూర్చుని 555 అనే టైమర్ ఐసీతో (కాలాన్ని లెక్కపెట్టే చిప్పు) ఎల్ఈడీ మిణుకుమనే సర్క్యూట్ కట్టాను. ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందుగా కట్టేది ఇదే. 1 కిలోఓమ్, 68 కిలోఓమ్ రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 9 వోల్టుల బ్యాటరీ, ఒక బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా కాళ్లు గుచ్చి సర్క్యూట్ కట్టుకునే చిల్లుల పలక). లెక్క ప్రకారం సుమారు సెకనుకోసారి వెలిగి ఆరాలి. బ్యాటరీ తగిలించగానే ఎల్ఈడీ వెలిగింది, ఆ తర్వాత ఆరనే లేదు. కాస్త మసగ్గా, అలాగే వెలుగుతూ ఉండిపోయింది.

"ఐసీ కాలిపోయిందేమో మామయ్యా" అన్నాడు వాడు. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నవి ఇంకో నాలుగు ఉన్నాయి కాబట్టి ఒకటి మార్చి చూశాం. మళ్లీ అదే. 555 గట్టి చిప్పు, 4.5 నుంచి 16 వోల్టుల దాకా ఏది ఇచ్చినా పనిచేస్తుంది. హాన్స్ కామెన్‌జిండ్ దాన్ని 1971లో రూపొందించాడు, సిగ్నెటిక్స్ కంపెనీ 1972లో అమ్మకానికి తెచ్చింది, ఇప్పటికీ బజార్లో దొరుకుతోంది. అలాంటివి రెండు ఒకే రోజు ఒకే తీరున పాడవడం జరిగే పని కాదు. తప్పు మేం కట్టినదాంట్లోనే ఉందన్నమాట.

అప్పుడు మల్టీమీటరు (వోల్టేజి, కరెంటు, ఓమ్స్ కొలిచేది) పక్కనపెట్టి వాడి చేతికి కాగితం ఇచ్చాను. సర్క్యూట్ బాగుంటే ఏ పిన్ను దగ్గర ఎంత కనిపించాలో ముందు రాయమన్నాను. 8వ పిన్నుకి సప్లై, కాబట్టి 9 దగ్గర. 1 గ్రౌండు, సున్నా. 4 రీసెట్, అది సప్లైకి కలిపాం కనుక అక్కడా 9. 2, 6 పిన్నులు కలిసి కెపాసిటర్ మీద ఉంటాయి. ఈ చిప్పు లోపల సప్లైని మూడు సమాన భాగాలు చేసుకుంటుంది, అందుకని అక్కడ వోల్టేజి 3 నుంచి 6 దాకా ఎక్కి మళ్లీ 3కి దిగుతూ ఉండాలి. 3వ పిన్ను అవుట్‌పుట్, అయితే సున్నా దగ్గర ఉండాలి, కాకపోతే 7కి పైన ఉండాలి.

ఈ కాగితం లేకుండా కొలిస్తే వచ్చేది ఉత్త అంకె, అది మంచిదో చెడ్డదో మనకి తెలియదు.

మీటరు నల్ల ప్రోబ్ (కొలిచే సూది) బ్యాటరీ మైనస్‌కి పెట్టి కొలిచాం. 8, 1, 4 సరిగ్గానే ఉన్నాయి. 3వ పిన్ను దగ్గర మాత్రం 4 వోల్టులకు దగ్గర్లో ఆగిపోయింది. రెండే మెట్లున్న అవుట్‌పుట్ మధ్యలో ఎలా నిలబడుతుంది? నిలబడలేదు. మామూలు మీటరు సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, అంతకంటే వేగంగా మారేదాన్ని సగటు చేసి చూపిస్తుంది. అంటే ఎల్ఈడీ మిణుకుతూనే ఉంది, మన కంటికి అందనంత వేగంగా.

ఆ వేగాన్ని నిర్ణయించేవి రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్. రెసిస్టర్లు ముందే కొలిచి పెట్టాం, కాబట్టి మిగిలింది కెపాసిటరే. దాని మైనస్ కాలు దగ్గర సున్నా రావాలి. నాలుగు వోల్టులు దాటి చూపించింది. అసలు ఆ కాలికి గ్రౌండే అందడం లేదు! కెపాసిటర్ లేనట్టే లెక్క, బోర్డులోనూ తీగల్లోనూ సహజంగా ఉండే కొద్ది పికోఫారడ్లతో చిప్పు సెకనుకు లక్షలసార్లు కొట్టుకుంటోంది. పొడుగు బ్రెడ్‌బోర్డుల్లో చాలావాటికి అంచున ఉండే సప్లై వరసలు సరిగ్గా మధ్యలో తెగి ఉంటాయి. వాటి పక్కనుండే రంగు గీత కూడా అక్కడ తెగినట్టు ముద్రిస్తే అర్థమవుతుంది కానీ కొన్నిటిలో గీత నిండుగానే ఉంటుంది, లోపల రేకు మాత్రం తెగి ఉంటుంది. ఆ చీలిక మీద ఒక వైరు ముక్క వేశాం. సెకనుకోసారి మిణుకుమంది. వాడి మొహం చూడాలి అప్పుడు.

కొత్త బోర్డు కొనగానే సప్లై వరసల్ని ఈ చివర నుంచి ఆ చివరకి మీటరుని బీప్‌లో (దారి తెగకుండా ఉంటే కూత పెట్టే సెట్టింగు) పెట్టి చూసుకోండి. రెసిస్టర్లు కూడా అంతే, ట్యూబ్‌లైటు కింద విలువ చెప్పే ఎరుపు, నారింజ, గోధుమ చారలు ఒకేలా కనిపిస్తాయి, గుచ్చే ముందు కొలవండి. ఓమ్స్, బీప్ చూసేటప్పుడు సర్క్యూట్‌కి పవర్ ఉండకూడదు. ఇంకోటి, ఎర్ర ప్రోబ్‌ని మీటరులోని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి కరెంటు కొలిచి, అది మార్చడం మర్చిపోయి వోల్టేజి చూడబోతే బ్యాటరీని మీటరుతో షార్ట్ చేసినట్టే. చిన్న బ్యాటరీ అయితే వేడెక్కుతుంది, లిథియం బ్యాటరీ అయితే నిజంగా ప్రమాదం.

బ్యాటరీని విడిగా కొలిచి బాగుందనుకోవడం కూడా చాలామందిని తిప్పలు పెడుతుంది. అయిపోవచ్చిన 9 వోల్టుల బ్యాటరీ ఉత్తినే కొలిస్తే 8 దాకా చూపించొచ్చు, రిలేనో (కరెంటుతో నడిచే స్విచ్చు) చిన్న మోటారో కరెంటు లాగగానే ఐదుకో ఆరుకో పడిపోతుంది. లోడు ఉన్నప్పుడే కొలవాలి, అదీ ఐసీ కాళ్ల దగ్గరే.

ట్రాన్సిస్టర్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే మూడు కాళ్ల భాగం) మార్చేటప్పుడు కాళ్ల వరస చూసుకోండి. బీసీ 547 చదును ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్ 3904 చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ వరస తిరగబడి ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండూ ఎన్‌పీఎన్ రకమే కదా అని ఒకదాని బదులు ఇంకోటి గుచ్చితే సర్క్యూట్ పూర్తిగా చచ్చిపోదు, బలహీనంగా, అంతుపట్టకుండా పనిచేస్తుంది. అదే ఎక్కువ కష్టం. బేస్, ఎమిటర్ల మధ్య 0.6 నుంచి 0.7 వోల్టులు ఉండి కూడా కలెక్టర్ వోల్టేజి కిందికి దిగకపోతే ముందు ఈ వరసనే అనుమానించండి.

ఒక్కసారి ఒక్కటే మార్చండి. మూడు మార్చాక పనిచేస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు, ఆ తప్పు వచ్చే సర్క్యూట్‌లో మళ్లీ వస్తుంది.

అంతా సరిగ్గా కట్టినా అప్పుడప్పుడూ తిక్కగా ప్రవర్తిస్తుంటే, ముఖ్యంగా అదే బోర్డు మీద కౌంటర్ ఐసీ (లెక్కపెట్టే చిప్పు) ఉండి అంకెలు దాటేస్తుంటే, 104 అని రాసి ఉండే చిన్న కెపాసిటర్ని, అంటే 0.1 మైక్రోఫారడ్‌ది, ప్రతి ఐసీ సప్లైకి గ్రౌండుకి మధ్య వీలైనంత దగ్గరగా పెట్టండి. పాత రకం 555 అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లై నుంచి ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. పొడుగాటి వైర్ల మీదుగా అది వచ్చేలోపు పక్క ఐసీలకి వోల్టేజి కుంగుతుంది. దగ్గర్లో ఉన్న ఈ కెపాసిటర్ ఆ క్షణానికి కావలసింది అందిస్తుంది. ఈ కెపాసిటర్ చూపించని సర్క్యూట్ బొమ్మలు చాలా ఉంటాయి, అయినా పెట్టండి.

ఈ ప్రయోగాలన్నీ బ్యాటరీ మీదో, 5 వోల్టుల మంచి అడాప్టర్ మీదో చేసుకోవచ్చు. 230 వోల్టులు మాత్రం బ్రెడ్‌బోర్డు దరిదాపులకి రానివ్వొద్దు. పాత ఛార్జర్, టీవీ సప్లై లాంటివి ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు. వాడు మొన్న ఫోన్ చేసి పాత కంప్యూటర్ సప్లై విప్పుతానన్నాడు. నేను వచ్చేదాకా మూత తియ్యొద్దని చెప్పాను.